ఎఫ్‌టీ-857డీ, పాత ల్యాప్‌టాప్‌తో ఎఫ్‌టీ8: డీకోడ్‌లు తక్కువ, పవర్ పెంచితే యూఎస్‌బీ కట్ (తిరుపతి)

తిరుచానూరు_రేడియో:

అందరికీ నమస్తే. హ్యామ్ రేడియోలో ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో చిన్న చిన్న డిజిటల్ సందేశాలు పంపి, చదివే పద్ధతి) చేస్తున్నాను, ప్రోగ్రామ్ డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్. ముందు సెటప్ రాస్తాను.

రేడియో సెకండ్‌హ్యాండ్ ఎఫ్‌టీ-857డీ. ల్యాప్‌టాప్ థింక్‌ప్యాడ్ టీ430, మూడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. విండోస్ 10, లైనక్స్ మింట్ రెండూ వేసి ఉన్నాయి, వాడేది ఎక్కువగా విండోస్. క్యాట్‌కి (ల్యాప్‌టాప్ నుంచి రేడియోని నడిపే లైన్) ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ యూఎస్‌బీ కేబుల్. ఆడియోకి చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, అక్కణ్ణుంచి రేడియో వెనక డేటా జాక్‌కి నేరుగా వైర్లు, మధ్యలో ఏమీ లేదు. మేడ మీద 20 మీటర్ల ఎండ్‌ఫెడ్ (ఒక కొస నుంచి ఫీడ్ ఇచ్చే వైర్ యాంటెన్నా), 49:1 ట్రాన్స్‌ఫార్మర్, కిందికి 12 మీటర్ల ఆర్‌జీ-58 కోయాక్స్. పవర్ సప్లై 13.8 వోల్టుల ఎస్‌ఎంపీఎస్. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది.

ఇక సమస్యలు. సాయంత్రం 7.074 మెగాహెర్ట్జ్‌లో (40 మీటర్ల బ్యాండ్) వాటర్‌ఫాల్ (సిగ్నళ్లని గీతలుగా చూపే తెర) నిండా గీతలే, కానీ స్లాట్‌కి ఐదారు డీకోడ్‌లు మించి రావు. వచ్చినవాటికి డీటీ (టైమ్ తేడా, సెకన్లలో) కాలమ్‌లో అన్నిటికీ 1.3, 1.5 అని పడుతోంది. బలమైన స్టేషన్ వస్తే దాని గీతకి పక్కన రెండు మూడు కాపీలు కనిపిస్తాయి. ఛార్జర్ పెడితే 40 మీటర్లలో నాయిజ్ సిగ్నల్ మీటర్ మీద ఎస్7కి లేస్తుంది. 15 మీటర్లలో 30 వాట్లు దాటితే యూఎస్‌బీ ఊడినట్టు విండోస్ మోగుతుంది, క్యాట్ పోతుంది, రేడియో ట్రాన్స్‌మిట్‌లోనే ఇరుక్కుంటుంది. స్విచ్ ఆపితేగానీ వదలదు. పైగా ఎల్‌ఓటీడబ్ల్యూలో (ఇద్దరి లాగ్‌లు పోల్చి కాంటాక్టు ఖాయం చేసే ఆన్‌లైన్ సర్వీస్) చాలా కాంటాక్టులు మ్యాచ్ కావడం లేదు.

కొత్త ల్యాప్‌టాప్ కొంటే ఇవన్నీ పోతాయా? లేక పది వేల లోపు రాస్‌ప్‌బెర్రీ పై పెట్టుకోమంటారా?

చంద్రగిరి_40మీటర్లు:

కొత్త ల్యాప్‌టాప్ వద్దు. మీరు రాసిన ఐదింటిలో ప్రాసెసర్ తప్పు ఒక్కటి కూడా లేదు. ఎఫ్‌టీ8లో ఒక స్లాట్ 15 సెకన్లు, అందులో సిగ్నల్ ఉండేది 12.64 సెకన్లు. మిగిలిన రెండు సెకన్లలో డీకోడ్ అయిపోతే చాలు. మూడో తరం ఐ5 'డీప్' సెట్టింగ్‌లో కూడా ఆ పని చేస్తుంది. డబ్బు దాచుకోండి, ఫెరైట్ రింగులకి పనికొస్తుంది.

డీటీ సంగతి ముందు. ఒకరిద్దరికే 1.4 వస్తే వాళ్ల గడియారం తప్పు. అందరికీ 1.4 వస్తోందంటే తప్పు మీదే. ప్లస్‌లో ఉంది కాబట్టి మీ గడియారం సెకనుకు పైగా ముందు పోతోంది. రెండు సెకన్లకు దగ్గరయ్యే కొద్దీ డీకోడర్ చేతులెత్తేస్తుంది. ఇప్పటికే అవతలివాళ్లలో కొందరి గడియారం అటూ ఇటూ ఉంటుంది కదా, ఆ తేడా మీ తేడాకి కలిసినవాళ్లు రాలిపోతున్నారు. మీరు పంపేది కూడా వాళ్లకి అంతే తేడాతో చేరుతుంది. అందుకే పిలిచినా పలకరు.

విండోస్ సొంత టైమ్ సింక్‌ని నమ్మొద్దు. అది ఎప్పుడో ఒకసారి సరిచేసి ఊరుకుంటుంది, మధ్యలో గడియారం జారుతూనే ఉంటుంది. మైన్‌బెర్గ్ ఎన్‌టీపీ వేయండి. అది వెనకాల నడుస్తూ కొంచెం కొంచెంగా సరిచేస్తుంది. మింట్‌లో అయితే క్రోనీ. నెట్ లేని చోట, అంటే తలకోన వైపో హార్స్‌లీ హిల్స్ మీదో పోర్టబుల్ పెడితే, చిన్న యూఎస్‌బీ జీపీఎస్ డాంగిల్, దానికి తగ్గ టైమ్ సాఫ్ట్‌వేర్ చాలు. సరైన గడియారంతో బ్యాండ్ మీద సగటు డీటీ 0.1 నుంచి 0.3 మధ్య కనిపిస్తుంది.

ఎల్‌ఓటీడబ్ల్యూ విషయం ఇంకొంచెం తమాషా. విండోస్, లైనక్స్ రెండూ ఉన్న ల్యాప్‌టాప్ అన్నారు. మదర్‌బోర్డు గడియారంలో లైనక్స్ యూటీసీ రాస్తుంది, విండోస్ అదే అంకెని మన లోకల్ టైమ్ అనుకుని చదువుతుంది. కాబట్టి మింట్ వాడి ఆపేసి విండోస్ తెరిచినప్పుడల్లా, నెట్ అందుకుని సరిచేసుకునేదాకా, గడియారం అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. ఇందులో మోసం ఏమిటంటే, అయిదున్నర గంటలు 15 సెకన్లకి సరిగ్గా భాగించబడుతుంది. స్లాట్లు కలుస్తాయి, డీకోడ్‌లు వస్తాయి, కాంటాక్టు పూర్తవుతుంది, ఏ తేడా తెలియదు. లాగ్‌లో మాత్రం రాత్రి 7.10కి చేసినది 13.40 యూటీసీ బదులు 08.10 అని పడుతుంది. ఎల్‌ఓటీడబ్ల్యూ ఇద్దరి టైమ్ అరగంట లోపల ఉంటేనే కలుపుతుంది. ఇక మ్యాచ్ ఎట్లా అవుతుంది?

మందు: విండోస్ రిజిస్ట్రీలో లోకల్ మెషీన్ కింద సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, టైమ్‌జోన్‌ఇన్ఫర్మేషన్ దాకా వెళ్లి, రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అనే డీవర్డ్ చేర్చి విలువ 1 ఇవ్వండి. అన్నీ కలిపి రాయాలి, మధ్యలో ఖాళీలు ఉండకూడదు. ఆ తర్వాత రెండు ఓఎస్‌లూ బోర్డు గడియారాన్ని యూటీసీగానే చదువుతాయి.

లొకేషన్ కూడా ఒకసారి చూసుకోండి. తిరుచానూరు వైపు గ్రిడ్ (భూమి మీద చోటు చెప్పే కోడ్) ఎంకే93ఆర్‌ఓ, తిరుమల కొండ మీద ఎంకే93క్యూక్యూ, చిత్తూరు టౌన్ ఎంకే93ఎన్‌ఎఫ్. ఎఫ్‌టీ8లో పోయేది మొదటి నాలుగే, అంటే అందరికీ ఎంకే93. కానీ లాగ్‌లో ఆరూ సరిగ్గా ఉండాలి. సీక్యూ జోన్ 22, ఐటీయూ జోన్ 41.

తిరుచానూరు_రేడియో:

మైన్‌బెర్గ్ వేశాక డీటీ 0.2కి దిగింది, డీకోడ్‌లు పెరిగాయి. థ్యాంక్స్ సర్. కాపీ గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. డేటా జాక్‌కి పాత పీఎస్2 మౌస్ వైర్ కోసి వాడాను. అందులో పిన్ 2కి వైరే లేదు, అందుకని గ్రౌండ్‌ని షీల్డ్‌కి కలిపాను. అది తప్పా?

పాకాల_సోల్డర్:

తప్పని కాదు, కానీ అరకొర పని. పీఎస్2 మౌస్, కీబోర్డు వైర్ల ప్లగ్ మన ఆరు పిన్నుల మినీ డిన్‌కి సరిగ్గా పడుతుంది. కానీ వాటిలో 1, 3, 4, 5 పిన్నులకే వైర్లు ఉంటాయి. 2, 6 ఖాళీ. ఎఫ్‌టీ-857 డేటా జాక్‌లో 1 రేడియోలోకి పోయే ఆడియో, 2 గ్రౌండ్, 3 పీటీటీ (ట్రాన్స్‌మిట్ నొక్కే లైన్), 5 రేడియో నుంచి బయటికొచ్చే 1200 ఆడియో. అంటే ఖాళీగా ఉన్నదే మనకి కావలసిన గ్రౌండ్. ఆరు కోర్ల మినీ డిన్ కేబుల్ అని అడిగి తెచ్చుకోండి. కొనేటప్పుడే మల్టీమీటర్‌తో ఆరు పిన్నులూ బీప్ కొట్టి చూడాలి, బయట 'ఆరు పిన్' అని రాసి లోపల నాలుగు వైర్లే ఉన్నవి చాలా ఉన్నాయి. తిరుపతిలో దొరక్కపోతే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోవడమే, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా అక్కడే తీసుకోవచ్చు.

కాపీ గీతలు లెవెల్ ఎక్కువై వస్తున్నాయి. 500 హెర్ట్జ్ దగ్గర బలమైన సిగ్నల్ ఉంటే 1000లో, 1500లో దాని నీడలు కనిపిస్తాయి చూడండి. డేటా జాక్ నుంచి వచ్చేది కొన్ని వందల మిల్లీవోల్టులు, వాల్యూమ్ నాబ్‌తో దానికి సంబంధం లేదు. మీ యూఎస్‌బీ సౌండ్ కార్డులో ఉన్నది లైన్ ఇన్ కాదు, మైక్ ఇన్. కొన్ని మిల్లీవోల్టులకి తయారైన దాంట్లో అన్ని వందలు పోస్తే పైన తలలు తెగుతాయి. అటు ట్రాన్స్‌మిట్‌లో కథ తిరగబడుతుంది: సౌండ్ కార్డు వోల్టు దాకా ఇస్తుంది, రేడియో డేటా ఇన్‌కి కావలసింది కొన్ని పదుల మిల్లీవోల్టులు. కాబట్టి రెండు వైపులా తగ్గించాలి.

కావలసినవి: 600:600 ఓమ్‌ల 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు రెండు (పాత డయలప్ మోడెమ్ కార్డులు పాత సామాన్ల కొట్లో దొరికితే వాటి మీద ఒక్కోటి ఉంటుంది), 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు, 1 కిలో ఓమ్‌వి రెండు, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, చిన్న లోహపు డబ్బా.

రిసీవ్ వైపు: రేడియో పిన్ 5, పిన్ 2 మొదటి ట్రాన్స్‌ఫార్మర్ ఒక వైండింగ్‌కి. రెండో వైండింగ్ ఒక కొస సౌండ్ కార్డు గ్రౌండ్‌కి, ఇంకో కొస 10 కిలో ఓమ్ గుండా ఒక జాయింట్‌కి. ఆ జాయింట్ నుంచి 1 కిలో ఓమ్ గ్రౌండ్‌కి. అదే జాయింట్ నుంచి 1 మైక్రోఫారడ్ గుండా మైక్ జాక్ కొసకి. కెపాసిటర్ ఎందుకంటే, మైక్ జాక్‌లో కాలర్ మైక్ కోసం కొద్దిగా డీసీ వోల్టేజీ వస్తుంటుంది. అడ్డం లేకపోతే అది 1 కిలో ఓమ్ గుండా గ్రౌండ్‌కి పారుతూ ఉంటుంది, కొన్ని కార్డుల్లో ఇన్‌పుట్టే మూగబోతుంది.

ట్రాన్స్‌మిట్ వైపు: హెడ్‌ఫోన్ జాక్ కొస, అంటే ఎడమ ఛానెల్, 10 కిలో ఓమ్ గుండా జాయింట్‌కి, అక్కణ్ణుంచి 1 కిలో ఓమ్ గ్రౌండ్‌కి. జాయింట్, గ్రౌండ్ రెండో ట్రాన్స్‌ఫార్మర్‌కి. దాని అవతలి వైండింగ్ రేడియో పిన్ 1కి, పిన్ 2కి. మధ్య రింగ్, అంటే కుడి ఛానెల్, దేనికీ కలపొద్దు. ఎడమ కుడి రెండూ కలిపి ముడేస్తే రెండు యాంప్లిఫయర్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

సోల్డరింగ్ అయ్యాక క్యాట్ కేబుల్ పీకేసి, రేడియో పిన్ 2కీ సౌండ్ కార్డు గ్రౌండ్‌కీ మధ్య మీటర్ పెట్టండి. ఓపెన్ చూపించాలి. డబ్బాని ఏదో ఒక్క గ్రౌండ్‌కే కలపాలి, రేడియో వైపైతే మేలు. జాక్‌లు లోహపువైతే డబ్బాకి తగలకుండా చూడండి, అక్కడే రెండు గ్రౌండ్‌లూ దొంగచాటుగా కలిసిపోతాయి. ఇంకో మాట: క్యాట్ కేబుల్ పెట్టగానే రెండు గ్రౌండ్‌లూ ఎలాగూ కలుస్తాయి. అయినా ట్రాన్స్‌ఫార్మర్ వృథా కాదు, ఆడియో తీగ గ్రౌండ్‌లో హమ్ కరెంటు పారదు.

విండోస్‌లో సౌండ్ కార్డుని రికార్డింగ్, ప్లేబ్యాక్ రెండిట్లోనూ 16 బిట్, 48000 హెర్ట్జ్‌కి పెట్టండి. మైక్ ప్రాపర్టీస్‌లో ఏజీసీ (లెవెల్‌ని తానే సర్దేది) టిక్ తీసేయాలి, ఎన్‌హాన్స్‌మెంట్‌లు ఆపాలి. సిస్టమ్ శబ్దాలు 'నో సౌండ్స్', లేకపోతే మెయిల్ వచ్చిన టింగ్ కూడా 7.074లో పోతుంది. డిఫాల్ట్ స్పీకర్‌గా ల్యాప్‌టాప్ స్పీకర్‌నే ఉంచి, ఈ కార్డుని డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో మాత్రమే ఎంచుకోండి.

రేడియోలో డిగ్ మోడ్‌కి యూజర్-యూ, డిగ్ షిఫ్ట్, డిగ్ డిస్ప్ రెండూ సున్నా. నాయిజ్ బ్లాంకర్, డీఎన్ఆర్, స్పీచ్ ప్రాసెసర్ ఆఫ్. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో మోడ్ 'నన్' పెట్టి రేడియోని చేత్తోనే డిగ్‌లో ఉంచడం నయం. క్యాట్ స్పీడ్ రేడియో మెనూలో ఎంత ఉందో ఇక్కడా అంతే, స్టాప్ బిట్లు రెండు. స్ప్లిట్ ఆపరేషన్ 'ఫేక్ ఇట్'. అది ట్రాన్స్‌మిట్ టోన్‌ని ఎప్పుడూ 1500–2000 హెర్ట్జ్ మధ్య ఉంచి డయల్‌నే కదుపుతుంది కాబట్టి, ఆడియోలో హార్మోనిక్స్ పుట్టినా రేడియో ఫిల్టర్ దాటి బయటికి పోవు.

లెవెల్: సిగ్నళ్లు లేని చోట, ఒట్టి బ్యాండ్ నాయిజ్‌కి డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో ఎడమవైపు మీటర్ 30 డీబీ దగ్గర ఉండాలి. ట్రాన్స్‌మిట్‌కి డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ని తాగే రెసిస్టర్) పెట్టి, రేడియో మీటర్‌ని ఏఎల్‌సీకి (ఆడియో ఎక్కువైతే పవర్‌ని అణిచే సర్క్యూట్) మార్చి, ట్యూన్ నొక్కి ఆడియో కింద నుంచి పెంచుతూ రండి. ఏఎల్‌సీ కదిలీ కదలని చోట ఆపి, ఇంకో చిటికెడు తగ్గించండి. పవర్ 25–30 వాట్లు చాలు. ఎస్‌ఎస్‌బీ మాటల్లో మధ్యమధ్య ఊపిరి ఉంటుంది, ఎఫ్‌టీ8లో 12.64 సెకన్లూ పూర్తి క్యారియరే. మన ఊళ్లలో మే నెలలో, అందులో మేడ మీద రేకుల గదిలో, 100 వాట్లు పెడితే 857 ఫైనల్స్ (చివరి పవర్ ట్రాన్సిస్టర్లు) మీద మీకు జాలి లేనట్టే.

చిత్తూరు_చోక్:

పాకాల అన్న వైరింగ్ విషయంలో చెప్పడానికి ఏమీ మిగల్చలేదు. యూఎస్‌బీ కట్ అవడం, నాయిజ్, ఈ రెండూ నేను చెప్తాను.

ముందు నిర్ధారణ. యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ పెట్టండి. 15 మీటర్లలో అదే పవర్‌తో ట్యూన్ కొట్టండి. యూఎస్‌బీ కట్ కాకపోతే డ్రైవర్, కేబుల్, విండోస్ అన్నీ నిర్దోషులు. ఆర్‌ఎఫ్ యాంటెన్నా నుంచి కోయాక్స్ బయటి తొడుగు మీదుగా గదిలోకి నడిచొస్తోంది. డమ్మీ లోడ్‌లోనూ కట్ అయితే ఇంకో దారి: సర్క్యూటో, సప్లై వోల్టేజీ పడిపోవడమో, నాసిరకం కేబులో. మీ వర్ణన చూస్తే మొదటిదే. 30 వాట్ల దాకా బాగుండి ఆపైన పోతోందంటే అది ఆర్‌ఎఫ్ లక్షణం.

ఎండ్‌ఫెడ్‌లో జరిగేది ఇదీ. వైర్‌లోకి పోయే కరెంటుకి తిరుగుదారి కావాలి. కౌంటర్‌పాయిస్ (తిరుగుదారిగా కట్టే చిన్న వైర్) కట్టకపోతే కోయాక్స్ షీల్డే ఆ పని చేస్తుంది. మీ 12 మీటర్ల కోయాక్స్ బయటి తొడుగు, దాని కొసన రేడియో, క్యాట్ కేబుల్, ల్యాప్‌టాప్, ఛార్జర్ అంతా కలిసి యాంటెన్నాలో భాగమే. 40లో కనిపించనిది 15లో ఎందుకు కనిపిస్తుందంటే, ఆ పొడవుకి ఆ బ్యాండ్‌లో కరెంటు గరిష్ఠం మీ టేబుల్ దగ్గర పడుతోంది. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా మ్యాచింగ్ కొలత) 1.3 చూపించినా ఇది ఉంటుంది, ఎస్‌డబ్ల్యూఆర్‌కీ దీనికీ సంబంధం లేదు.

49:1 డబ్బా గ్రౌండ్ బోల్ట్‌కి 2 మీటర్ల వైర్ కౌంటర్‌పాయిస్‌గా కట్టండి. ఆ తర్వాత కోయాక్స్ మీద చోక్ (తొడుగు మీది ఆర్‌ఎఫ్‌ని ఆపేది): ఎఫ్‌టీ240-31 ఫెరైట్ రింగు మీద ఆర్‌జీ-58 పది పన్నెండు చుట్లు. గట్టిగా మెలిపెట్టొద్దు, ఎండకి లోపలి పాలిథీన్ మెత్తబడి మధ్య తీగ పక్కకి జరుగుతుంది. కోయాక్స్ గదిలోకి వచ్చే చోట అలాంటిదే ఇంకోటి. చాలా ఇళ్లలో ఈ రెండో చోక్‌తోనే యూఎస్‌బీ గొడవ తీరుతుంది.

యూఎస్‌బీ, ఆడియో వైర్లకి క్లిప్ ఫెరైట్‌లు కొంటారు కదా, తీగ ఒక్కసారి దూర్చి క్లిప్ నొక్కితే 7 మెగాహెర్ట్జ్‌లో దాని ప్రభావం దాదాపు శూన్యం. చుట్ల సంఖ్య వర్గంతో ఇంపిడెన్స్ పెరుగుతుంది. అదే క్లిప్‌లో తీగ అయిదు చుట్లు తిప్పితే ఇరవై అయిదు రెట్లు. 31 మిక్స్ (ఫెరైట్ రకం) అడగండి. పేరు లేని బూడిద రంగు క్లిప్‌లు ఎక్కువగా వీహెచ్‌ఎఫ్‌కి పనికొచ్చేవే. యూఎస్‌బీ తీగ మీటరు లోపు ఉండాలి, ఎక్స్‌టెన్షన్ కార్డు వద్దు, మిగిలిన తీగని రేడియో పక్కన చుట్టగా పెట్టొద్దు.

ట్రాన్స్‌మిట్‌లో ఇరుక్కోవడం గురించి. మీరు పీటీటీని క్యాట్ ద్వారా ఇస్తున్నారు. 'ఆన్' కమాండ్ పోయింది, తర్వాత యూఎస్‌బీ పడిపోయింది, 'ఆఫ్' కమాండ్ పోయే దారే లేదు. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ వాచ్‌డాగ్ కూడా ఇక్కడ కాపాడలేదు, అదీ ఆ దారినే చెప్పాలి కాబట్టి. రేడియో మెనూలో టీఓటీ టైమ్ (ట్రాన్స్‌మిట్‌కి గడువు) ఒక నిమిషానికి పెట్టండి. మనం ఒకసారికి 13 సెకన్లే పంపుతాం, అడ్డురాదు. ఇంకా గట్టి పద్ధతి కావాలంటే పీటీటీని ఆర్‌టీఎస్‌తో (సీరియల్ పోర్ట్‌లోని ఒక కంట్రోల్ లైన్) ఇవ్వండి: యూఎస్‌బీ పడిపోతే చిప్ రీసెట్ అయి ఆర్‌టీఎస్ వదిలేస్తుంది, రేడియో రిసీవ్‌కి వస్తుంది. పీసీ817 ఆప్టోకప్లర్ ఒకటి, 1 కిలో ఓమ్ ఒకటి చాలు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కలెక్టర్ రేడియో పిన్ 3కి, ఎమిటర్ పిన్ 2కి. ఇన్‌పుట్ వైపు ఒక మెలిక ఉంది. యూఎస్‌బీ నుంచి టీటీఎల్ మాడ్యూళ్లలో ఆర్‌టీఎస్ తలకిందులుగా పనిచేస్తుంది: ఖాళీగా ఉన్నప్పుడు పైన, నొక్కినప్పుడు కింద. కాబట్టి 5 వోల్టుల నుంచి 1 కిలో ఓమ్ గుండా ఆప్టో ఎల్‌ఈడీ ఆనోడ్‌కి, కాథోడ్ ఆర్‌టీఎస్‌కి. అలా కాక ఆనోడ్‌ని ఆర్‌టీఎస్‌కి, కాథోడ్‌ని గ్రౌండ్‌కి కలిపితే పోర్ట్ ఖాళీగా ఉన్నంతసేపూ రేడియో ట్రాన్స్‌మిట్‌లో ఉంటుంది. చౌక సీహెచ్340 మాడ్యూళ్లలో చాలావాటికి ఆర్‌టీఎస్ పిన్ బయటికి తీసి ఉండదు, చూసి కొనండి. ల్యాప్‌టాప్ బూట్ అయ్యేటప్పుడు ఈ లైన్లు ఒక్క క్షణం ఎగిరిపడతాయి, అందుకని రేడియో తర్వాత ఆన్ చేయండి.

ఛార్జర్ నాయిజ్‌కి: ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపడం సగం మందు. రెండో సగం ఛార్జర్ డీసీ తీగని 31 మిక్స్ రింగు మీద ఏడెనిమిది చుట్లు, ఏసీ తీగని కూడా అన్నే. రెండు పిన్నుల ఛార్జర్ అయితే మూడు పిన్నులది మార్చి, ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో చూడండి. ల్యాప్‌టాప్ లోహపు భాగం తాకితే చేతికి జిల్లుమంటుంటే ఎర్త్ లేదనే లెక్క.

ఛార్జర్ ఒక్కదాన్నే అనుమానించకండి. రేడియోని 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టి ఇంటి మెయిన్ స్విచ్ ఆపి వినండి. నాయిజ్ పడిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. తర్వాత ఒక్కో ఎంసీబీ వేస్తూ రండి. ఎల్‌ఈడీ బల్బులు, ఫైబర్ రూటర్ అడాప్టర్, మీ ఎస్‌ఎంపీఎస్ సప్లై, ఈ వరసలో చూడండి. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దైతే కరెంటు పోయినప్పుడు 40 మీటర్లు గుర్రుమంటుంది, అప్పుడు చేయగలిగింది తక్కువ. మెయిన్ ఆపినా నాయిజ్ తగ్గకపోతే వీధిలోది. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఊరంతా ఎల్‌ఈడీ తోరణాలు వేలాడుతుంటే కొలతలు పెట్టుకోకండి.

కరెంటు కోతకి ఇన్వర్టర్ బ్యాటరీ నుంచే రేడియోకి నేరుగా లాగుతామనేవాళ్లకి: 857 ఒప్పుకునేది 13.8 వోల్టులకి అటూ ఇటూ 15 శాతం, అంటే 11.7 నుంచి 15.8 దాకా. 100 వాట్లకి 22 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి, రేడియో దగ్గర కాదు.

సంబంధం కొంచెం తక్కువే గానీ, 6 మీటర్లలో (50 మెగాహెర్ట్జ్ బ్యాండ్) పైకి వెళ్లి వింటూ టకటక పల్స్‌లు కనిపిస్తే వెంటనే ల్యాప్‌టాప్‌ని తిట్టకండి. గాదంకిలో వాతావరణ పరిశోధనకి వాడే ఎంఎస్‌టీ రాడార్ నడిచేది 53 మెగాహెర్ట్జ్‌లోనే.

పీలేరు_లైనక్స్:

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. టీ430 ప్రాసెసర్ విండోస్ 11 లిస్టులో లేదు. రిజిస్ట్రీలు తిప్పే బదులు మింట్‌లోనే ఉండిపోతే ఆ అయిదున్నర గంటల గొడవే ఉండదు కదా అని నా వాదన. చంద్రగిరి సర్ ఒప్పుకోరని తెలుసు.

మింట్‌లో తగిలే అడ్డంకులు మూడు. మీ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో చేర్చి ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయాలి, లేకపోతే క్యాట్ పోర్ట్ తెరుచుకోదు. కేబుల్ పెట్టగానే పోర్ట్ కనిపించి మాయమైతే బీఆర్‌ఎల్‌టీటీవై అనే బ్రెయిలీ డిస్‌ప్లే సర్వీస్ దాన్ని లాక్కుంటోంది. మింట్ 21లో సీహెచ్340 కేబుళ్లకి ఇది మామూలే, బ్రెయిలీ డిస్‌ప్లే వాడకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి. మోడెమ్‌మేనేజర్ కూడా కొత్త సీరియల్ పోర్ట్ కనపడగానే మోడెమ్ అనుకుని ఏవో కమాండ్లు పంపుతుంది, డాంగిల్ నెట్ వాడకపోతే అదీ తీసేయొచ్చు.

పోర్ట్ ఒకేసారి ఒక్క ప్రోగ్రామ్‌కే దొరుకుతుంది. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్, ఎఫ్‌ఎల్‌డిజీ, లాగర్ అన్నీ రేడియోతో మాట్లాడాలంటే ఎఫ్‌ఎల్‌రిగ్ ఒక్కటే పోర్ట్ తెరవాలి, మిగతావి ఎఫ్‌ఎల్‌రిగ్‌ని అడగాలి. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో రిగ్ దగ్గర 'ఎఫ్‌ఎల్‌రిగ్' ఎంచుకుంటే పోర్ట్ 12345 అదే పట్టుకుంటుంది. కాంటాక్టు పూర్తయ్యాక లాగర్‌కి పోయేది యూడీపీ 2237లో. గ్రిడ్‌ట్రాకర్, లాగర్ రెండూ అదే 2237 వినాలనుకుంటే ఒకటి మూగబోతుంది, అప్పుడు 224.0.0.1 మల్టీకాస్ట్ అడ్రస్ ఇవ్వండి.

రాస్‌ప్‌బెర్రీ పై గురించి అడిగారు. చిన్నది, 12 వోల్టుల నుంచి నడపొచ్చు, పోర్టబుల్‌కి బాగుంటుంది. ఇంట్లో మాత్రం మీ టీ430 కంటే ఏ విధంగానూ మేలు కాదు. పై 4లో ఆడియో ఇన్‌పుట్ లేదు, యూఎస్‌బీ సౌండ్ కార్డు కావాలి. గడియారానికి బ్యాటరీ లేదు, నెట్ లేకపోతే టైమే తెలియదు. కరెంటు టక్కున పోతే ఎస్‌డీ కార్డు పాడవుతుంది, మన దగ్గర అది రోజువారీ సంగతి. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, అదే దాని యూపీఎస్.

తిరుచానూరు_రేడియో:

డమ్మీ లోడ్‌లో 50 వాట్లకీ యూఎస్‌బీ కట్ కాలేదు. రింగులకి ఆర్డర్ పెట్టాను. చివరిగా ఒకటి: తప్పు టైమ్‌తో ఎల్‌ఓటీడబ్ల్యూకి ఎక్కినవాటిని తీసేయడం ఎలా?

చంద్రగిరి_40మీటర్లు:

తీసేయలేరు. ఎల్‌ఓటీడబ్ల్యూలో ఎక్కినది చెరగదు. సరిచేసిన రికార్డుని మళ్లీ ఎక్కించడమే, అది మ్యాచ్ అవుతుంది, పాతది మూలన పడి ఉంటుంది.

డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ లాగ్ ఫోల్డర్‌లో ఏడీఐ ఫైల్ ఉంటుంది, ముందు దానికి కాపీ తీసుకోండి. లాగర్‌లో తప్పు కాంటాక్టుల్ని మాత్రమే ఎంచుకుని, మొదలు టైమ్, ముగింపు టైమ్ రెండిటికీ 5.30 కలపండి. తేదీ జాగ్రత్త: ఉదయం 7.30కి చేసినది నిజానికి 02.00 యూటీసీ, లాగ్‌లో ముందురోజు 20.30 అని ఉంటుంది. టైమ్ మార్చి తేదీ వదిలేస్తే మళ్లీ మ్యాచ్ కాదు. ఏవి తప్పో తెలియకపోతే పీఎస్‌కే రిపోర్టర్ వెబ్‌సైట్‌లో ఆ రోజు మీ కాల్ ఎప్పుడు ఎవరికి వినపడిందో చూడొచ్చు, కానీ అక్కడ పాతవి ఎక్కువ రోజులు నిలవవు. ఎక్కువ ఆలస్యమైతే అవతలి స్టేషన్‌కి మెయిల్ పెట్టి వాళ్ల లాగ్ టైమ్ అడగడమే.

అన్నిటికంటే ముందు టీక్యూఎస్‌ఎల్‌లో (ఎల్‌ఓటీడబ్ల్యూకి లాగ్‌ని సంతకం చేసి పంపే ప్రోగ్రామ్) మీ కాల్‌సైన్ సర్టిఫికెట్‌ని పీ12 ఫైల్‌గా పెన్‌డ్రైవ్‌లో దాచండి. పీలేరు ఆయన మాట విని విండోస్ తీసేసే పక్షంలో అది లేకుండా తీయొద్దు, కొత్త సర్టిఫికెట్ కోసం మళ్లీ అప్లై చేసుకోవాలి. 73 (శుభాకాంక్షలు).